ఎండ రంగుకు సిగ్గెందుకు?

గుండుగొలనులో జాతీయ రహదారి దిగి కొల్లేరు వైపు వెళ్తే వరిచేలు, ఆపైన చేపల చెరువులు. నాట్లు వేసే స్త్రీలు, వలలు లాగే యువకులు పొద్దుటినుండి ఎండలోనే ఉంటారు. ముఖం, మెడ, చేతులు కమిలి నల్లబడతాయి. ఆదివారం వారే మందిరంలో మన పక్కన కూర్చుంటారు. వారి కూలి డబ్బులోని కానుకను సంతోషంగా స్వీకరిస్తాం. పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం, "పిల్ల మంచిదే గానీ, ఎండన పడి బాగా నల్లబడింది" అంటాం. రంగు తక్కువని కట్నం ఎక్కువ అడిగేవారూ మన మధ్య ఉన్నారు.

ఎండ తగిలినప్పుడు లోపలి కణాలను కాపాడటానికి చర్మం మెలనిన్ అనే వర్ణకాన్ని ఎక్కువగా తయారు చేసుకుంటుంది. ఆ నలుపు దేవుడు శరీరానికిచ్చిన రక్షణ.

ఐరోపాలోనూ ఒకప్పుడు పొలంలో కష్టపడేవారి ఎండ రంగు చిన్నచూపుకు గురైంది. పని ఫ్యాక్టరీలలోకి, ఆఫీసులలోకి మారాక, 1920ల నుండి అదే రంగు సెలవులకు సముద్రతీరం వెళ్ళగలిగిన కలవారి గుర్తయింది. నల్లబడటానికి దీపాల యంత్రాల కింద పడుకునేవారూ వచ్చారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆ యంత్రాలను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మన దేశంలో 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది గానీ మన చూపు మారలేదు. అక్కడ నలుపు కోసం, ఇక్కడ తెలుపు కోసం తాపత్రయం. రెండు చోట్లా జనం మెచ్చుకునేది కాయకష్టం చేయనక్కరలేని స్థితిని.

పుట్టు ఛాయనూ మనం వదలం. తెలుగు కుటుంబంలో పుట్టిన నీనా దావులూరి 2013లో మిస్ అమెరికాగా గెలిచినప్పుడు, ఆ రంగుతో ఇండియాలో గెలిచేది కాదని ఇక్కడివారే అన్నారు. ఈ చూపుకు భయపడి మన పిల్లలు ఊరూ పేరూ లేని క్రీములు పూసుకుంటున్నారు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడిన పలువురిలో మూత్రపిండాల జబ్బును వైద్యులు గుర్తించారు. కారణం వాటిలోని పాదరసమని తేల్చారు.

పరమగీతము మొదటి అధ్యాయంలోని యువతిని చూడండి. సహోదరులు ఆమెను ద్రాక్షతోటలకు కావలి పెట్టారు. ఎండకు నల్లబడింది. ఆ సంగతి యెరూషలేము కుమార్తెల ముందు దాచలేదు, తాను అందగత్తెనని చెప్పడానికీ వెనుదీయలేదు. ఆమె ప్రియుడూ అదే మాట అన్నాడు. ఆమెను ఎండలోకి పంపింది ఇంటివారే. తమ్ముళ్ళ చదువు కోసం చెరువు పనికి పంపిన అమ్మాయిని నల్లబడిందని తక్కువ చేయడం న్యాయమా?

మండే ఎండలో తలగుడ్డ, నీళ్ళు, మధ్యాహ్నం కాస్త నీడ తప్పక కావాలి. ఎండనుండి కాపాడుకోవడం వేరు, ఎండ రంగుకు సిగ్గుపడటం వేరు.

ఈ తప్పులో మాకూ భాగముంది. "తెల్లని వధువు కావలెను" అనే ప్రకటనలను ఇన్నాళ్ళూ ఈ పత్రికలో వేశాం. వచ్చే సంచిక నుండి వివాహ ప్రకటనల్లో రంగు ప్రస్తావన ప్రచురించం. సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి ఒక్కటే. సంబంధం చూసేటప్పుడు రంగు మాట ఎత్తితే, అక్కడే ఆపండి. ఆ పిల్ల వినకముందే ఆపండి.