ప్లేట్‌లెట్లంటే డెంగీ ఒక్కటే కాదు
మా అల్మాస్‌గూడలో ప్లేట్‌లెట్ల మాట వానాకాలంలోనే గట్టిగా వినిపిస్తుంది. డెంగీ అనగానే 1.5 లక్షలున్నాయా, 40 వేలకు పడిపోయాయా అని ఇంటిల్లిపాదీ లెక్కపెడతాం, బొప్పాయి ఆకుల కోసం పరుగెడతాం. జేబులో మడతపెట్టుకున్న ఆ రక్తపరీక్ష (సీబీపీ) కాగితంలోనే చాలాసార్లు ఎంపీవీ అని ఇంకో అంకె ఉంటుంది. అది ప్లేట్‌లెట్ల సగటు పరిమాణం. దాన్ని ఎవరం చూడం. పెద్ద ప్లేట్‌లెట్లు చురుకైనవి, తొందరగా అతుక్కుని గడ్డ కట్టిస్తాయి. అందుకే పక్షవాతం ముప్పును ఈ అంకెతో ముందే పసిగట్టగలమా అని పరిశోధకులు ఏళ్లుగా వెతుకుతున్నారు. వెతకాల్సిందే. కానీ ఆ ఒక్క అంకె చూసి వైద్యం చేసే దశ ఇంకా రాలేదు. తీసిన రక్తం గంటల తరబడి ట్యూబులో ఉండిపోతే ప్లేట్‌లెట్లు ఉబ్బి అంకే మారిపోతుంది. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో గడ్డ అడ్డుపడిందో, రక్తనాళం చిట్లిందో తేల్చేది స్కానింగే. గడ్డయితే కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటలే గడువు. ప్లేట్‌లెట్లు లక్షలోపుంటే రక్తస్రావం భయంతో మామూలుగా అదీ ఇవ్వరు. గడ్డో, చిట్లడమో ముందు తేలాలి కాబట్టి స్కాన్ కాకముందే ఇంట్లో ఆస్పిరిన్ మింగించకండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి రాసిపెట్టుకోండి.