సర్టిఫికెట్ల స్కానింగు: బరువు తగ్గించడం ఎవరి పని?



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు, పెద్దల సందేశాలు ఉండాలి గానీ స్కానింగు గురించి వ్యాసమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ స్కాలర్‌షిప్పు దరఖాస్తులకు చివరి తేదీ దగ్గర పడే రోజుల్లో మన గదుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఏమిటో గుర్తు తెచ్చుకోండి. "ఫైలు సైజు ఎక్కువైందంట, తీసుకోలేదంట!" పూర్వ విద్యార్థులం కొందరం మా ఇళ్లలోని కంప్యూటర్ల మీద తమ్ముళ్ల సర్టిఫికెట్లు స్కాన్ చేసి పెడుతూ వస్తున్నాం. ఆ పని చేస్తూ మాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాం.

ఒకప్పుడు దరఖాస్తు ఫారానికి జెరాక్సు కాగితాలు గుండుసూదితో గుచ్చి, గెజిటెడ్ అధికారి సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లం. ఉమ్మడి రాష్ట్రంలో ఈపాస్ వచ్చింది, 2011లో మీసేవ వచ్చింది, ఆ తరవాత జ్ఞానభూమి వచ్చింది. తిరుగుడు కొంత తగ్గిన మాట నిజం. అయితే కాగితం బదులు కాగితం బొమ్మ అడగడం మొదలయ్యాక కొత్త చిక్కు ఒకటి వచ్చి పడింది. ఒక చోట 100 కె.బి. మించకూడదంటారు, ఇంకో చోట 200 అంటారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ దరఖాస్తుల్లో ఏళ్ల తరబడి ఫోటో 20 నుంచి 50 కె.బి. మధ్య, సంతకం 10 నుంచి 20 కె.బి. మధ్య ఉండాలని అడిగారు. అంటే ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. సంతకానికి కూడా తూకం ఉంటుందని మన తాతలు అనుకుని ఉండరు.

సొంత కంప్యూటరు ఉన్న ఇంట్లో ఇది అరగంట విసుగు. మన వాళ్లకు అలా కాదు. కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ల అమ్మానాన్నలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయి ఉంటారు. ఇంటికి తాళం, పెట్టెలో సర్టిఫికెట్లు. ఒక్క కాగితం కోసం బస్సెక్కి ఊరికి పోయి, పక్కింట్లో తాళంచెవి అడిగి తెచ్చుకోవాలి. తీరా కర్నూలుకు తెచ్చి నెట్ సెంటరులో స్కాన్ చేయిస్తే ఫైలు ఎక్కదు. మళ్ళీ స్కాను, మళ్ళీ డబ్బులు. గడువు దాటితే ఆ సంవత్సరం ఫీజు ఎవరు కట్టాలి? అందుకే మేము దీన్ని సాంకేతిక విషయమని పక్కన పెట్టడానికి ఒప్పుకోం.

అసలు ఫైలు బరువు ఎక్కడ పుడుతుంది? స్కాన్ బటను నొక్కక ముందే పుడుతుంది. స్కానరు కాగితాన్ని చుక్కలు చుక్కలుగా చదువుతుంది. అంగుళానికి ఎన్ని చుక్కలన్నదే డి.పి.ఐ. ఎ4 కాగితాన్ని 300 డి.పి.ఐ.లో చదివితే సుమారు 87 లక్షల చుక్కలు. రంగుల్లో అయితే ఒక్కో చుక్కకు మూడు బైట్లు, అంటే ముడి లెక్కన ఒక్క పేజీ 26 ఎం.బి. అదే పేజీని గ్రేలో తీస్తే దాదాపు 9 ఎం.బి., పూర్తి నలుపు తెలుపులో తీస్తే ఒక ఎం.బి. పైచిలుకు. ఇక 600 డి.పి.ఐ. పెడితే బరువు రెట్టింపు అవుతుందనుకుంటారు చాలామంది. నిలువునా అడ్డంగా రెండు వైపులా చుక్కలు రెట్టింపు కాబట్టి నాలుగు రెట్లవుతుంది. రంగుల్లో ఒక్క పేజీకి 104 ఎం.బి. అరవై పేజీల మన పాత వార్షిక సంచికను "ఎందుకైనా మంచిదని" ఆ లెక్కలో తీస్తే 6 జి.బి. దాటుతుంది. పాతకాలపు సి.డి.లు తొమ్మిది కావాలి.

ఇంకో సంగతి. పాస్‌పోర్టు సైజు ఫోటోను గాజు మీద పెట్టి మొత్తం ఎ4 బల్లను స్కాన్ చేసేవాళ్లను చూస్తూ ఉంటాం. ఫోటో ఆ బల్లలో నలభయ్యో వంతు. మిగతా ముప్పై తొమ్మిది వంతులు ఖాళీ తెలుపు. ముందు ప్రివ్యూ నొక్కి, ఫోటో మేరకే గీత గీసుకుని స్కాన్ చేస్తే సగం బాధ అక్కడే తీరుతుంది. గాజు మీద దుమ్ము, పాత కాగితం పసుపు మచ్చలు, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపించడం, ఇవన్నీ కూడా స్కానరు దృష్టిలో వివరాలే, వాటికీ బరువుంటుంది. మన కర్నూలు ఎండాకాలపు దుమ్ము సంగతి చెప్పాలా! పల్చటి కాగితం వెనక ఒక నల్ల అట్ట పెడితే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి రావు. ఖర్చు లేని ఉపాయం.

సైజు తగ్గించడంలో జనానికి రకరకాల నమ్మకాలున్నాయి. పి.డి.ఎఫ్. చేస్తే తగ్గుతుందంటారు. పి.డి.ఎఫ్. ఒక సంచి మాత్రమే. ఆదోని పత్తి వేస్తే పత్తి బరువు, బేతంచెర్ల బండలు వేస్తే బండల బరువు. జిప్ చేస్తే తగ్గుతుందంటారు. జేపెగ్ అప్పటికే పిండేసిన బట్ట, దాన్ని ఇంకా పిండితే నీళ్లు రావు. ఇక అన్నిటికంటే ప్రమాదమైనది, ఇంటర్నెట్‌లో ఉచితంగా సైజు తగ్గించి ఇస్తామనే ఊరూ పేరూ తెలియని చోట్లకు ఆధార్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుబుక్కు పంపడం. అవి ఎవరి చేతుల్లో ఉంటాయో మనకు తెలియదు. నెట్ సెంటరు కంప్యూటరులో ఫైళ్లు అలాగే వదిలేసి రావడం కూడా అటువంటిదే.

ఈ పనికి సొంత కంప్యూటరులోనే సాధనాలున్నాయి. బోస్నియా నుంచి వచ్చి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఆయన 1996లో తయారు చేసిన ఇర్ఫాన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రాము ఇంటి వాడకానికి ఉచితం. బొమ్మను జేపెగ్‌గా దాచేటప్పుడు ఇన్ని కె.బి.ల్లో కావాలని అంకె వేస్తే దానికి తగ్గట్టు చేసి ఇస్తుంది. ఎవరికీ ఏమీ పంపనక్కర లేదు.

అలాగని ఎంత వీలైతే అంత తగ్గించెయ్యమని మేము అనడం లేదు. ఇక్కడే తెలుగు వాళ్లం ఇంగ్లీషు కాగితాల కొలతలను గుడ్డిగా నమ్మకూడదు. మన ఠ లోపలి చుక్క పోతే అది ర అవుతుంది. ధ కింది చిన్న గీత పోతే ద అవుతుంది. వత్తులు, సున్నలు చిన్న అక్షరాల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇంటిపేరులో ఒక్క వత్తు తేడా వస్తే సర్టిఫికెట్ల పరిశీలనలో ఎంత యాతనో అనుభవించిన వాళ్లకే తెలుసు. అందుకని తెలుగు పత్రానికి 300 డి.పి.ఐ. కంటే తగ్గకూడదని మా అభిప్రాయం.

అంకెల సంగతికి వస్తే, 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక వింతను బయటపెట్టాడు. జెరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రాల్లో ఒక ఇంటి నక్షాను స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయి వచ్చాయి. ఇంకో కాగితంలో 6 కాస్తా 8 అయింది. ఫైలు చిన్నదిగా ఉండాలని ఆ యంత్రం ఒకేలా కనిపించిన అంకెలను ఒకదాని బదులు ఒకటి వాడుకోవడమే కారణం. మసకగా వచ్చి ఉంటే ఎవరైనా అనుమానపడేవారు. శుభ్రంగా, స్పష్టంగా తప్పుగా వచ్చింది! కంపెనీ తరవాత సరిదిద్దింది. మార్కుల జాబితాలో 6 బదులు 8 వస్తే సంతోషించే తమ్ముళ్లు కొందరున్నారని మాకు తెలుసు, కానీ ఒరిజినల్‌తో పోల్చిన రోజు ఆ సంతోషం ఉండదు. సైజు తగ్గించిన ప్రతి ఫైలునూ ఒకసారి తెరిచి, పెద్దది చేసి, పేరూ నంబర్లూ కళ్లతో చదువుకోవాలి.

అయితే పెద్దగా తియ్యాలా, చిన్నగా తియ్యాలా? మా సమాధానం, ఒక్కసారే బాగా తియ్యాలి, దాన్ని ముట్టుకోకూడదు. ఏ దరఖాస్తుకు ఎంత కావాలంటే అంత చిన్న నకలు దాన్నుంచి చేసుకోవాలి. చాలామంది చేసేది దీనికి వ్యతిరేకం. ఆ రోజు 100 కె.బి. అడిగారని 100 కె.బి.కే స్కాన్ చేయించి, మరుసటి ఏడాది ఇంకో చోట స్పష్టమైన ప్రతి అడిగితే ఆ పాత బొమ్మనే సాగదీస్తారు. పెరుగులో నీళ్లు పోసి మజ్జిగ చెయ్యవచ్చు గానీ ఆ మజ్జిగను తిరిగి పెరుగు చెయ్యలేం. మన మెస్సు మజ్జిగ తాగిన వాళ్లకు ఇంతకంటే వివరించనక్కర లేదు.

మూల ప్రతిని మాత్రం రంగుల్లోనే తియ్యాలి. తహశీల్దారు ఆఫీసు ముద్ర ఊదా రంగులో ఉంటే, సంతకం ఆకుపచ్చ సిరాలో ఉంటే నలుపు తెలుపులో అవి మాయమయ్యే అవకాశం ఉంది. అచ్చు పుస్తకాల సంగతి వేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో, దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పేజీలను 600 డి.పి.ఐ.లో తీశారు. కానీ నలుపు తెలుపులో తీశారు. చుక్కలు ఎక్కువైనా బరువు పెరగకపోవడానికి అదే కారణం. మన పాత సంచికల్లోని అచ్చు పేజీలకు ఆ దారి చాలు. ఫోటోలున్న పేజీలకు మాత్రం గ్రే వాడుకోవాలి.

"ఇప్పుడు ఫోన్లోనే బోలెడు జాగా ఉంది కదా, ఈ లెక్కలెందుకు" అనే మిత్రులున్నారు. జాగా గురించి కాదు మా బాధ. గోదాము ఎంత పెద్దదైనా కిటికీ చిన్నదైతే బస్తా బయటికి రాదు. పైగా ఫోనులో తీసిన సర్టిఫికెట్‌ను వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది తనంతట తానే కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితేనే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో మార్కుల జాబితా దొరికితే దాన్ని స్కాన్ చేసే పనే లేదు, నిజమే. పాత టి.సి.లు, స్టడీ సర్టిఫికెట్లు, చేతిరాత కుల పత్రాలు అందులో ఎక్కడ దొరుకుతాయి?

అసలు ఈ భారమంతా విద్యార్థి నెత్తినే ఎందుకు ఉండాలన్నది మా ప్రశ్న. పెద్ద ఫైలు తీసుకుని తమ దగ్గరే కుదించుకోవడం ఏ ఆఫీసు కంప్యూటరుకైనా క్షణాల పని. అది చెయ్యలేకపోతే కనీసం అన్ని శాఖలూ ఒకే కొలత పెట్టవచ్చు. ఒక్కో చోట ఒక్కో కొలత పెట్టి, సరిపోకపోతే ఎర్ర అక్షరాలతో వెనక్కి తిప్పి పంపడం పేదవాడి జేబుకు చిల్లే. సంక్షేమ శాఖ అధికారులు ఈ సంచిక చదువుతారు కాబట్టి వినయంగానే అడుగుతున్నాం: ప్రతి హాస్టల్‌కూ ఒక కంప్యూటరు, ఒక స్కానరు ఇవ్వండి. లెక్క వేసి చూపిస్తాం. వంద మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి పది పత్రాలు, వెయ్యి పేజీలు. 300 డి.పి.ఐ.లో రంగుల జేపెగ్ పేజీకి సుమారు ఒక ఎం.బి. వేసుకున్నా మొత్తం ఒక జి.బి. హాస్టల్ మొత్తం సర్టిఫికెట్లు చిటికెన వేలంత పెన్‌డ్రైవ్‌లో పడతాయి.

ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంటే చాలదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీ ఇళ్లలో నీళ్లు దిగాక మిగిలిన బురద కాగితాల ముద్దలు చూసిన వాళ్లు మనలో ఉన్నారు. ట్రంకు పెట్టె అయినా, బీరువా అయినా, కంప్యూటరు అయినా నీళ్లకు ఒకటే. రెండో ప్రతి వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి. తాళం వేసి, ఎవరి ఫైలు వాళ్లకే ఇచ్చే పద్ధతిలో ఉండాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కర లేదు. ఈ ఏడాది డిగ్రీ చివరి సంవత్సరం తమ్ముళ్లతో మొదలుపెడదాం. ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టడీ హాల్లో కూర్చుందాం, కంప్యూటరు, స్కానరు మేము తెస్తాం. రెండో సంవత్సరం వాళ్లు ఇద్దరు పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి, వచ్చే ఏడాది వాళ్లే చెయ్యాలి. ఫైళ్లకు విద్యార్థి నంబరు, పత్రం పేరు పెడదాం. స్కాన్1, స్కాన్2 అని వదిలేస్తే రేపు వెతకడం ఎవరి తరమూ కాదు. వచ్చేటప్పుడు సర్టిఫికెట్లకున్న పిన్నులు తీసేసి తీసుకురండి, గాజు మీద గీతలు పడతాయి.