బావి పూడ్చిన ఊళ్లు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో ఓడ మంటలార్పుతూ పేలుడుకు బలైన సిబ్బందిని తలుచుకునే వారం. తలుచుకోవలసిందే. కానీ ప్రదర్శనలన్నీ బస్టాండ్ల దగ్గరా, సినిమా హాళ్ల దగ్గరా. వాముల మధ్య బతికే మా వైపు ఊళ్లకు ఒక్క కరపత్రమూ రాలేదు.

రాజ్యాంగంలోనే ఉంది ఈ వరస. అగ్నిమాపక సేవలు పన్నెండో షెడ్యూలులో, అంటే పట్టణాల పద్దులో ఉన్నాయి. పంచాయతీలకిచ్చిన 29 అంశాల్లో ఎంత వెతికినా కనబడవు. 101కి ఫోన్ చేస్తే బండి రాదని కాదు, వస్తుంది. అది టౌను నుంచి వచ్చేసరికి పూరిల్లు నిట్రాడితో సహా బూడిదవుతుంది. మొదటి పావుగంట ఊరిదే.

అందుకు చేయాల్సినవి బ్రహ్మవిద్యలేం కావు. వామిని ఇంటికీ కరెంటు తీగలకీ ఎడంగా, పడమటి గాలికి రవ్వలు ఇంటి మీదకు రాని దిక్కున వేసుకోవాలి. పొయ్యి బూడిద మీద నీళ్లు చల్లాకే పెంటకుప్పలో పోయాలి. పశువుల పలుపుకు జారుముడే వేయాలి. మంటకు బెదిరిన గేదె లాగి లాగి బిగించిన ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒకే సంచిలో చేతికందేలా ఉండాలి.

ఇక నీళ్లు. ఇది నా పాత గొడవే, మళ్లీ చెబుతాను. మంట లేవగానే ముందు కరెంటు తీయిస్తారు. కరెంటు పోతే బోరు మోటారు తిరగదు. బొక్కెన వేద్దామంటే బావేదీ? చెత్త పోసి పూడ్చాం, పైన చదును చేసి పాకలు వేసుకున్నాం. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, మనకంటే వాడు నయం. తవ్వుతున్నాడు.

పూడిక తీతకు పైసా లేదనే ఊరికి స్వాగత ద్వారం కట్టడానికి మాత్రం లక్షలు పుడతాయి. సిమెంటు కమాను, రెండు సింహాలు, నడుమ దాతగారి నాన్న పేరు. దాని కింద నుంచి గడ్డి ట్రాక్టరు పోవాలంటే పైవరస దించుకోవాలి. ఇక ఫైరింజన్ దూరేదెలా? నాన్న పేరు నిలబెట్టదలచిన దాతలకు నా మనవి ఒక్కటే. ఆ డబ్బుతో ఒక్క బావి బాగుచేయించి గట్టున పేరు చెక్కించుకోండి. నీళ్లు తోడే ప్రతివాడూ చదువుతాడు. కమాను మీది పేరు ఎవడు తలెత్తి చూశాడు గనక!