దండకి పనికొచ్చే ఫొటో

“దండ వేయడానికైనా పనికొచ్చేలా తియ్యరా” అంది నానమ్మ. పోయిన సంక్రాంతికి సాయంత్రం ఎండకి వీపు పెట్టి నిలబడితే అందరి ముఖాలూ నల్లగా వచ్చాయి. కెమెరా మీది ఫ్లాష్ కొడితే సున్నం పూసినట్టు!

ఈసారి ఫ్లాష్‌ని స్టాండ్‌కెక్కించి, ఎడమ పక్కన తలలకన్నా ఎత్తులో పెట్టా. ముందు అది ఆపేసి, ఆకాశం రంగు పోకుండా 1/200, ఎఫ్/8 పెట్టుకున్నా. అసలు తిప్పలు దూరంతోనే. 5 అడుగుల్లో పెడితే ఈ చివర అత్త తెల్లబోయింది, ఆ చివర బాబాయ్ చీకట్లో ఉండిపోయాడు. దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతే కదా, ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిందే! 15 అడుగులకి జరిపి, పవర్ పెంచితే తేడా పెద్దగా కనపడలేదు. ఎండలో కలిసిపోయేలా నారింజ రంగు జెల్ అంటించా.

నానమ్మ ఫోన్‌లో జూమ్ చేసి చూసుకుంది. “ఇది దాచు. తొందరేం లేదులే.”