పండక్కి ఇల్లు కదలలేని సాగు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రకృతి వ్యవసాయంలోకి రావాలనుకునే కుర్రాళ్లు ఇప్పుడు నన్ను దిగుబడి గురించి పెద్దగా అడగట్లేదు. "అన్నా, ఇందులో దిగితే ఊరు దాటనీకి ఉండదట కదా?" అని అడుగుతున్నారు. వాళ్ల భయంలో నిజం ఉంది. ఆవులు, డ్రమ్ములు, కషాయాలు, ప్యాకింగ్ అని రోజూ ఏదో ఒకటి ఉంటుంది. కానీ నా అభిప్రాయం ఒకటే. ఇంటిల్లిపాదినీ పండక్కి కదలనివ్వని సాగు రెండో తరానికి చేరదు. మట్టి ఎంత బాగుపడినా, ఆ మట్టి మీద నిలబడే మనిషి విసిగిపోతే లాభం లేదు.

మన దగ్గర అసలు చిక్కు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే. వరి ఈనే సమయం, సుడిదోమ వచ్చే సమయం అదే. పత్తి మొదటి తీత మొదలవుతుంది. మొక్కజొన్న, సోయా కోతకొస్తాయి. ఆ వెంటనే శనగ విత్తాలి. తొమ్మిది రోజుల బతుకమ్మ, దసరా, దీపావళి, పిల్లల సెలవులు కూడా అప్పుడే. నేరుగా అమ్ముకునే మాలాంటి వాళ్లకు బియ్యం, నువ్వుల నూనె ఆర్డర్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. అన్నీ ఒకేసారి మీద పడితే ముందు కోసేసేది ఇంట్లోవాళ్ల పండగనే.

అలా కాకుండా పండగ తేదీలను కూడా పంట ప్రణాళికలోనే రాసుకోవాలి. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. మనం చేసుకునే వాటిలో నిల్వ ఉండేవి ఏవి, ఉండనివి ఏవి అని విడదీస్తే సగం పని అయిపోతుంది.

జీవామృతం నిల్వ ఉండదు. 200 లీటర్ల డ్రమ్ము కలిపాక 48 గంటలు నీడలో పులియాలి, పొద్దున సాయంత్రం తిప్పాలి, వారంలోపు వాడెయ్యాలి. కాబట్టి ఊరికి వెళ్లే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. బయల్దేరే ముందు రోజు పారించేలా కలుపుకుంటే, 15 రోజులకోసారి ఇచ్చేవాళ్లకు మళ్లీ డ్రమ్ము ముట్టే పని దాదాపు పది రోజుల దాకా ఉండదు. ఘనజీవామృతం అలా కాదు. నీడలో ఆరబెట్టి గోనె సంచుల్లో పెడితే ఆరు నెలలు ఉంటుంది. ఎండాకాలం చివర్లో చేసి పెట్టుకుంటే శనగ దుక్కికి పనికొస్తుంది. దశపర్ణి కషాయం కూడా ఆరు నెలలు ఆగుతుంది, శ్రావణంలోనే చేసి పెట్టుకోండి. వేప గింజల కషాయం మాత్రం అప్పటికప్పుడే చేసుకోవాలి. 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి లెక్కన ముందే దంచి పెట్టుకుంటే రాత్రి నానబెట్టి పొద్దున కొట్టెయ్యొచ్చు.

వెళ్లే ముందు వరిని గట్టు మీద నుంచి చూసి సరే అనుకోవద్దు. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన ఉంటుంది. మడిలో దిగి, దుబ్బు వంచి, తట్టి చూడాలి. నాట్లప్పుడే రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే ఈ పని తేలిక, గాలి వెలుతురు కూడా ఆడతాయి. వీడియోలో మా మడిలో ఎలా చూస్తానో చూపించాను.

ఆవుల మాటేంటంటారా? బదులు పని. మేం నాలుగు ఇళ్లవాళ్లం తేదీలు పంచుకున్నాం. ఎవరు ఊరెళ్తే మిగతావాళ్లు మేత, నీళ్లు, పాలు చూస్తారు. ఆ నాలుగు రోజుల పాలు చూసినవాళ్లవే. డబ్బు ప్రసక్తి లేదు. కౌలు రైతులకు, ఊళ్లో ఒక్కరే ఈ సాగు చేసేవాళ్లకు ఇది కష్టమే, ఒప్పుకుంటాను. అందుకే శిక్షణల్లో కషాయాల పాళ్లు ఎంత శ్రద్ధగా నేర్పుతారో, ఇద్దరు ముగ్గురు జట్టుకట్టడం కూడా అంత శ్రద్ధగా నేర్పాలి.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్తా. మన సాగును ఖర్చు లేని సాగు అంటాం. బయట నుంచి కొనే ఖర్చు తగ్గుతుంది, నిజమే. మరి పేడ ఎత్తేది, మూత్రం పట్టేది, డ్రమ్ము తిప్పేది, పప్పులు చెరిగేది, ప్యాకెట్లు కట్టేది ఎవరు? చాలా ఇళ్లల్లో ఆడవాళ్లే. కూలీకి ఇస్తే ఖర్చు అని రాస్తాం, ఇంట్లోవాళ్లు చేస్తే సున్నా అని రాస్తాం. ఆ సున్నా తప్పు లెక్క. ఆడబిడ్డ సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వెళ్లలేకపోయిందంటే ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తాం? మా ఇంట్లో ఆ పని గంటల్ని కూడా నోటుబుక్కులో రాస్తున్నాం. నూనె ధర కట్టేటప్పుడు వాటినీ కలుపుతాం.

కొనేవాళ్లకు కూడా ముందే చెప్పాలి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆర్డర్లు ఆపేస్తామని మేం నెల ముందే మెసేజ్ పెడతాం. ఇద్దరు ముగ్గురు వేరే చోట కొనుక్కుంటారు. కొనుక్కోనివ్వండి. మిగతావాళ్లు రెండు నెలలకు సరిపడా ఒకేసారి తీసుకుంటారు, మనకూ హైదరాబాద్ తిరుగుడు తగ్గుతుంది. కార్తీకంలో వాళ్లనే మన పొలానికి పిలిచి ఉసిరి చెట్టు కింద వనభోజనం పెట్టండి. అన్నం ఎక్కణ్నుంచి వస్తుందో పిల్లలు చూస్తారు, మనమూ ఒక పూట కూర్చుని తింటాం.

వేరే రైతు పొలం చూడ్డానికి వెళ్తే కూడా మగవాళ్లమే జీపెక్కి పోవద్దు. కుటుంబంతో వెళ్లండి. మనం పంట చూస్తుంటే ఆ ఇంటి అమ్మతో మన ఇంటావిడ మాట్లాడుతుంది. ఇన్ని పనులు ఎలా సర్దుకుంటున్నారో అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

నిజానికి పండగ మన పొలానికి దూరమైంది కాదు. కలుపు మందు కొట్టిన చేలల్లో గునుగు పువ్వు కరువైంది. పట్నంలో తంగేడు, గునుగు కట్టలు కొనుక్కుంటున్నారు. మన గట్ల మీద అవి ఊరికే పూస్తాయి. టమాటలో కాయతొలుచు పురుగుకు ఎరగా వేసిన బంతి కూడా ఆ రోజులకే విరగబూస్తుంది. పువ్వు మన చేలో ఉండి, పేర్చే చేతికి తీరిక లేకపోతే ఎలా?

ఈసారి కొత్త క్యాలెండర్ చేతికి రాగానే విత్తే తేదీలు రాసే ముందు ఇంట్లోవాళ్లను అడగండి, ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలనుందని. ముందు అవి రాయండి. డ్రమ్ముల తేదీలు వాటి చుట్టూ సర్దుకోండి.