చెరకు చేనిలో స్మార్ట్ వస్త్ర పాఠం

స్మార్ట్ వస్త్రం అనగానే క్రీడాకారుల దుస్తులో, సైనికుల కవచాలో స్ఫురిస్తాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో వస్త్రశాస్త్రం అభ్యసించేవారికి అంతకంటే దగ్గరి అవసరం నిజామాబాద్ జిల్లాలో ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, ఆ ప్రాంతంలో చెరకు నరికే, పసుపు ఉడికించే కూలీల కష్టం తీరలేదు. చెరకు ఆకు అంచు చేతులను కోస్తుంది. పొయ్యి సెగ ఎండకు తోడవుతుంది.

చర్మపు ఉష్ణోగ్రత హద్దు దాటగానే హెచ్చరించే చొక్కా వీరికి ఉపకరిస్తుంది. వెండి పూత దారం విద్యుత్తును ప్రసరింపజేస్తుందని పాఠం చెబుతుంది. అయితే చెమటకు ఆ పూత క్షీణించడం, ఉతికేకొద్దీ దారపు నిరోధం పెరగడం, ముడత పడినచోట రెండు కుట్లు తాకి వలయం చెడిపోవడం స్వయంగా కుట్టి చూసినవారికే బోధపడతాయి. కాబట్టి ప్రతి విద్యార్థీ ఒక నమూనా కుట్టాలి. ఉతకకముందు, ఉతికిన తరువాత మల్టీమీటరుతో నిరోధాన్ని కొలవాలి. రుద్రూరు పరిశోధనా స్థానపు చెరకు మళ్లలో కూలీల సమ్మతితో పరీక్షించి, వారి అభిప్రాయాన్ని నమోదు చేయాలి. నమూనా విఫలమైనా, కారణాన్ని సరిగా వివరిస్తే మార్కులు ఇవ్వాలి.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం సబబే. అందుకే తొలి పాఠం మందపాటి నూలు ముంజేతి తొడుగుతో ప్రారంభం కావాలి. ఆకు కోతలను ఆపడానికి సెన్సారు అక్కరలేదు. ఎక్కడ అక్కరలేదో గ్రహించడమూ ఈ విద్యలో భాగమే. చొక్కా సేకరించే సమాచారం కూలీ ఆరోగ్యానికే వినియోగపడాలి. అది పని వేగాన్ని లెక్కించే మేస్త్రీ చేతికి చేరితే, రక్షణ కోసం తొడిగిన వస్త్రమే కాపలాదారు అవుతుంది.