ప్రయోగం ఎవరి ఖర్చుతో?

మాస్టారు నల్లబల్ల మీద చుక్కల గీత గీయడం మీరు చూసే ఉంటారు. ఆయన ఒక్కొక్క చుక్కా పెట్టరు. సుద్దముక్కను ఒక వాలులో పట్టుకొని ముందుకు తోస్తారు. అది బల్లను అంటుకొని సాగకుండా టకటకా గెంతుకుంటూ పోతుంది. గెంతిన చోటల్లా ఒక చుక్క పడుతుంది. సుద్దకూ బల్లకూ మధ్య ఉన్న ఘర్షణ ఒక క్షణం సుద్దను పట్టి ఆపుతుంది, మరుక్షణం వదిలేస్తుంది. పట్టడం, జారడం, మళ్ళీ పట్టడం: ఇదే ఆ గెంతు రహస్యం.

ఈ గెంతే ఒకప్పుడు జపానులోని ఒక కార్ల కంపెనీకి కంటిమీద కునుకు లేకుండా చేసింది. ఆ కంపెనీ పేరు మజ్దా. దాని కథ చెప్పి, ఆ కథ మీద నా అభిప్రాయం కూడా చెబుతాను. ఒప్పుకుంటారో, కాదంటారో మీరే తేల్చుకోండి.

బెండు చెక్క నుంచి బండి దాకా

1920లో జపానులోని హిరోషిమా నగరంలో ఒక చిన్న కంపెనీ పుట్టింది. సీసాల బిరడాలకు వాడే కార్కుతో, అంటే బెండు చెక్కతో, సరుకులు చేయడం దాని పని. మరుసటి ఏడు జుజిరో మత్సుదా అనే ఆయన దాని అధిపతి అయ్యాడు. ఆయన బెస్తవారింట పుట్టి, కమ్మరం పనితో మొదలుపెట్టి పైకి వచ్చిన మనిషి. బెండు పని వదిలి యంత్రాల మీదికి మళ్ళి, 1931లో సామాన్లు మోసే మూడు చక్రాల బండిని అమ్మకానికి పెట్టాడు. దానికి ‘మజ్దా’ అని పేరు. మత్సుదా అనే ఇంటిపేరుకు ఆ మాట దగ్గరగా ఉంది. పైగా పార్సీలు కొలిచే దేవుడు అహుర మజ్దా పేరు కూడా అదే.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. మజ్దా కర్మాగారం బాంబు పేలిన చోటికి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట చాటున ఉంది. అందువల్ల భవనాలు నిలబడ్డాయి. నగరంలో ప్రభుత్వ కార్యాలయాలు మిగలకపోవడంతో ఆ జిల్లా పాలన కొన్ని నెలలు ఆ కర్మాగారంలోంచే సాగింది. డిసెంబరు వచ్చేసరికి మూడు చక్రాల బండ్ల తయారీ మళ్ళీ మొదలైంది. బూడిదైన ఊళ్ళో ఇటుకలూ కలపా మోయడానికి బండ్లు కావాలి కదా!

మజ్దా మొదటి చిన్న కారు 1960లో వచ్చింది. కాని ఆ రోజుల్లో జపాను ప్రభుత్వానికి వేరే ఆలోచన ఉంది. కార్ల కంపెనీలు ఎక్కువైపోయాయి, వీటిని రెండు మూడు పెద్ద గుంపులుగా కలిపేయాలి అన్నది ఆ ఆలోచన. చిన్న కంపెనీ ఇంకొకరిలో కలిసిపోకుండా బతకాలంటే, ఎవరి దగ్గరా లేనిది ఏదో ఒకటి తన చేతిలో ఉండాలి. అప్పుడే జర్మనీ నుంచి ఒక కొత్త ఇంజను సంగతి తెలిసింది.

పిస్టన్ లేని ఇంజను

మామూలు కారు ఇంజనులో పిస్టన్ సిలిండరులో పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలికను చక్రాలు తిరిగే కదలికగా మార్చుకోవాలి. పైకి పోయే పిస్టన్ ప్రతిసారీ ఆగి వెనక్కి రావాలి కనుక ఇంజను అదురుతుంది. ‘తిప్పడమే కావలసినప్పుడు మొదటి నుంచీ తిరిగేదాన్నే ఎందుకు పెట్టకూడదు?’ అని ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్ ఆలోచించాడు. ఎన్ఎస్‌యూ అనే కంపెనీతో కలిసి పనిచేస్తే 1957లో ఆ ఇంజను నడిచింది.

దాన్ని ఇలా ఊహించుకోండి. రెండు గింజల వేరుశనగ కాయలాగా నడుము కొంచెం నొక్కుకున్న గది ఒకటి. అందులో పక్కలు ఉబ్బిన త్రిభుజం, సమోసాలాంటిది, తిరుగుతూ ఉంటుంది. దాని మూడు మూలలూ ఎప్పుడూ గది గోడను రాసుకుంటూనే ఉంటాయి. కనుక గది మూడు అరలవుతుంది. త్రిభుజం తిరిగేకొద్దీ ఒక్కొక్క అర పెరుగుతూ, తరుగుతూ పోతుంది. పెరిగేటప్పుడు పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకుంటుంది. తరిగేటప్పుడు దాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ తగిలి వాయువు మండి త్రిభుజాన్ని తోస్తుంది. చివరకు పొగ బయటికి పోతుంది. వాల్వులు లేవు, పైకీ కిందికీ గెంతేదేదీ లేదు. చిన్న ఇంజను, తక్కువ బరువు, అదురు దాదాపు సున్న. కాగితం మీద ఇంతకంటే అందమైన ఇంజను దొరకదు.

చిక్కంతా ఆ మూడు మూలల్లోనే ఉంది. వాయువు ఒక అరలోంచి మరొక అరలోకి జారిపోకుండా ప్రతి మూలనా ఒక లోహపు పట్టీ ఉండాలి. దాన్ని అపెక్స్ సీల్ అంటారు. అది గోడను గట్టిగా ఒరుసుకుంటూ నిమిషానికి వేలసార్లు పరుగెత్తాలి. సుద్దముక్క గుర్తుంది కదా? పట్టీ కూడా అలాగే గెంతింది. గది గోడ మీద వరసగా గీతలు పడ్డాయి. ఇంజనీర్లు వాటికి ‘దయ్యం గోళ్ళ గీతలు’ అని పేరు పెట్టారు.

1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లను ఈ పని మీద కూర్చోబెట్టారు. పట్టీ తన సహజ కంపనం వల్ల గెంతుతోందని వాళ్ళు తెలుసుకున్నారు. మృదంగం మూతకు నల్లటి ముద్ద పెడితే దాని నాదం మారుతుంది. అలాగే పట్టీ లోపల సన్నటి రంధ్రాలు అడ్డంగానూ నిలువుగానూ తొలిస్తే దాని కంపనం మారింది. గీతలు పోయాయి! తరువాత కర్బనంలో అల్యూమినియం నింపి చేసిన పట్టీలు కనిపెట్టారు. 1967 మే నెలలో ఆ ఇంజనుతో కాస్మో స్పోర్ట్ కారు రోడ్డెక్కింది.

కొన్నవాళ్ళు ఏమన్నారు?

కథ ఇక్కడ ఆపేస్తే అది విజయగాథ. చాలా పుస్తకాల్లో ఇక్కడే ఆపుతారు. కాని కారు అసలు పరీక్ష దాన్ని కొన్నవాడి ఇంటి ముందు మొదలవుతుంది.

అదే 1967లో జర్మన్ కంపెనీ ఎన్ఎస్‌యూ కూడా ఈ ఇంజనుతో ఆర్ఓ-80 అనే కారు అమ్మింది. యూరపులో ఆ కారుకు పెద్ద బహుమతి వచ్చింది. కాని మూలపట్టీలు త్వరగా అరిగి ఇంజన్లు చెడిపోసాగాయి. ఆ కారు యజమానులు రోడ్డు మీద ఎదురైతే చేయి ఊపడానికి బదులు వేళ్ళు చూపించుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు వేళ్ళంటే రెండు ఇంజన్లు మార్పించానని, మూడంటే మూడు అని. వింటే నవ్వొస్తుంది. వేలు ఎత్తినవాడికి మాత్రం నవ్వు వచ్చి ఉండదు. ఉచితంగా ఇంజన్లు మార్చిమార్చి చితికిపోయిన ఎన్ఎస్‌యూ 1969లో ఫోక్స్‌వాగన్ గుంపులో కలిసిపోయింది.

మజ్దా కొన్నవాళ్ళ అనుభవం వేరు. మజ్దా ఇంజను అంత త్వరగా చెడలేదు. 1970 తరువాత అమెరికాలో అది బాగా అమ్ముడుపోయింది. ఇంజను మెత్తగా తిరుగుతుందనీ, చిన్న కారైనా దూకుడుగా పోతుందనీ కొన్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఇంతలో 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. ఈ కార్లు నగరంలో గాలనుకు సుమారు 10 మైళ్ళే ఇస్తాయని అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో తేలింది. మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర. అమ్మకాలు కుప్పకూలాయి.

ఎందుకంత పెట్రోలు తాగుతుంది? మంట మండే అర పొడుగ్గా, పలచగా, గోడల వెంట సాగి ఉంటుంది. ఒకే అన్నం గిన్నెలో ఉంచితే వేడిగా ఉంటుంది, విస్తరంతా పరిస్తే చల్లారిపోతుంది. ఇక్కడా అంతే: వేడి గోడలకు పోతుంది, మూలల దాకా మంట అందదు, కొంత పెట్రోలు కాలకుండానే పోతుంది. అలా కాలని వాయువును తగలబెట్టి పొగను శుభ్రం చేయడానికి మజ్దా వేరే ఒక గది పెట్టింది. ఆ గది మండుతూ ఉండాలంటే పెట్రోలు మరికాస్త ఎక్కువ పోయాలి. ఒక తప్పు దిద్దబోతే ఇంకొకటి పెరిగింది.

కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. కర్మాగారంలో పనిచేసేవాళ్ళను వేల సంఖ్యలో కార్లు అమ్మే దుకాణాలకు పంపారు. అయినా ఇంజనీర్లు ఆ ఇంజనును వదల్లేదు. పెట్రోలు ఖర్చు 40 శాతం తగ్గించాలని పంతం పట్టి పనిచేశారు. 1978లో ఆర్ఎక్స్-7 అనే కారు వచ్చి కంపెనీ పరువు నిలిపింది. 1991 జూనులో ఫ్రాన్సులోని ల మాన్‌లో జరిగిన 24 గంటల పందెంలో మజ్దా 787బి కారు 362 చుట్లు తిరిగి గెలిచింది. ఆ పందెం గెలిచిన మొదటి జపాను కంపెనీ మజ్దాయే.

కాని పందెంలో ఇంజను 24 గంటలు నిలిస్తే చాలు. ఇంటి బండి పదేళ్ళు నిలవాలి. 2003లో మొదలై 2012 దాకా తయారైన ఆర్ఎక్స్-8 కారు యజమానులను అడిగితే దాని మెత్తదనం గురించి మైమరచి చెబుతారు. వెంటనే జాగ్రత్తల చిట్టా కూడా విప్పుతారు. పెట్రోలు పోయించినప్పుడల్లా ఇంజనాయిలు చూసుకోవాలి. ఎందుకంటే మూలపట్టీలు అరగకుండా ఈ ఇంజను కొంచెం ఆయిలును కావాలనే కాలుస్తుంది. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసి, కారును నాలుగు అడుగులు జరిపి వెంటనే ఆపేయకూడదు. కాలని పెట్రోలు లోపల మిగిలి పట్టీల మీది ఆయిలును కడిగేస్తుంది. మళ్ళీ స్టార్టు కాదు. అమెరికాలో ఆ కార్ల ఇంజన్లు చాలా చెడిపోవడంతో, 2004 నుంచి 2008 దాకా వచ్చిన కార్లకు ఇంజను హామీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు కంపెనీ పొడిగించింది.

నా అభిప్రాయం

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. మజ్దా చేసింది మంచి పనా, మొండి పనా?

కొందరంటారు: ‘ఎవరో ఒకరు సాహసించకపోతే కొత్తది ఎలా వస్తుంది? మజ్దా వదిలేసి ఉంటే ఈ ఇంజను బొమ్మల్లోనే మిగిలిపోయేది. సుమారు 20 లక్షల బండ్లు దీనితో నడిచాయంటే మాటలా?’ ఈ మాటలో నిజముంది. ప్రయోగం చేసే హక్కు తయారుచేసేవాడికి ఉండాలి. నేను కాదనను.

కాని ఈ సాహసానికి డబ్బు ఇచ్చింది ఒక్క కంపెనీయే కాదు. బంకు ముందు బారులో నిలబడ్డవాడూ ఇచ్చాడు. ఇంజను మార్పించినవాడూ ఇచ్చాడు. అమ్ముడుపోని కార్ల మధ్య దుకాణంలో నిలబడ్డ కార్మికుడూ ఇచ్చాడు. ప్రయోగశాలలో పరికరం పగిలితే నష్టం ప్రయోగశాలది. రోడ్డు మీద చెడితే నష్టం ఎవరిది? అక్కడ కొన్నవాడు ప్రయోగంలో భాగమైపోతాడు, తనకు తెలియకుండానే.

అందుకే నేనంటాను, కొత్త యంత్రం అమ్మేవాడికి రెండు బాధ్యతలున్నాయి. ఒకటి, లోపం తెలిసిన రోజునే కొనేవాడికి చెప్పాలి. ఇంజను ఇంత ఆయిలు తాగుతుంది, దీన్ని ఇలా చూసుకోవాలి అని ముందే చెబితే అది బేరం. దాచిపెడితే అది మోసం. రెండు, యజమాని తప్పు లేకుండా చెడితే బాగుచేసే ఖర్చు అమ్మినవాడే పెట్టుకోవాలి. ఆర్ఎక్స్-8 హామీ పొడిగింపును అందుకే నేను పందెం గెలుపు కంటే పెద్దదిగా లెక్కిస్తాను. అది అప్పు ఒప్పుకొని కొంతైనా తీర్చడం. కాని కారు రోడ్డెక్కిన అయిదేళ్ళకు కాక, మొదటి రోజే ఆ హామీ ఇచ్చి ఉంటే ఇంకా మెచ్చుకునేవాణ్ణి.

2023లో మజ్దా ఈ ఇంజనును మళ్ళీ తెచ్చింది. ఈసారి చక్రాలను తిప్పడానికి కాదు. ఎంఎక్స్-30 అనే విద్యుత్ కారులో బ్యాటరీకి కరెంటు తయారుచేసి ఇవ్వడానికి. చోటు తక్కువ, అదురు తక్కువ కనుక ఆ పనికి ఇది సరిపోతుందని వాళ్ళ లెక్క. ఆ లెక్క సరైనదో కాదో చెప్పవలసింది మళ్ళీ కొన్నవాళ్ళే.

కొన్నవాడికి బాధ్యత లేదా? ఉంది. ‘ఈ బండి దండగ’ అనడం తిట్టు. ‘చల్లటి ఇంజనును స్టార్టు చేసి, నాలుగడుగులు జరిపి ఆపాను, మళ్ళీ స్టార్టు కాలేదు’ అనడం పరిశీలన. మొదటి మాటతో ఏ ఇంజనీరుకూ ఏ ఉపయోగమూ లేదు. రెండోదానిలో సగం జవాబు ఉంది. మీ సైకిలు చైను ఊడిపోయినా, పెన్ను కక్కినా, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. దుకాణదారుకు ఆ కాగితం చూపించండి.

మీ ఫిర్యాదును అతను చదువుతాడా, చెత్తబుట్టలో వేస్తాడా? ఆ దుకాణం ఎలాంటిదో మీకు అక్కడే తెలిసిపోతుంది.